ఆ ఫోటో తీసేయకుండా ఉంచిన రాత్రి

2024 ఆగస్టులో ఒక గురువారం రాత్రి పదకొండు దాటాక మొదటి ఫోన్ వచ్చింది. తెలియని నంబరు. "ఎంత?" అన్నాడు అవతలివాడు, వంకాయల బండి దగ్గర అడిగినట్టు. రాంగ్ నంబరనుకుని పెట్టేశాను. పన్నెండు లోపల ఇంకో ఆరు వచ్చాయి. చివరి మనిషి కాస్త మర్యాదస్తుడు. "ఇన్‌స్టాలో నంబరు పెట్టింది మీరే కదండీ" అన్నాడు.

నాది నెల్లూరు జిల్లాలో సముద్రం వైపు ఊరు. మా నాయన రెండు రొయ్యల గుంటలు లీజుకు చేస్తాడు. నేను నెల్లూరులో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. కాలేజీ పేరు, మనుషుల పేర్లు రాయను. కేసు కోర్టులో ఉంది. జరిగింది మాత్రం వరసగా చెబుతాను. అప్పట్లో ఇలా ఎవరైనా రాసింది నా కళ్ళపడి ఉంటే సగం తిప్పలు తప్పేవి.

మా గదిలో ముగ్గురం. ఒకరినొకరం ఊరి పేరుతోనే పిలుచుకుంటాం. గూడూరు పిల్ల తన ఫోన్లో వెతికి ఆ అకౌంట్ చూపించింది. నా పేరే, చివర ఒక అండర్‌స్కోర్ ఎక్కువ. ఫోటో కూడా నాదే. అంతకు నెల ముందు రొట్టెల పండుగలో తీసింది.

నెల్లూరు వాళ్ళకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు గట్టున ఉన్న బారా షహీద్ దర్గా దగ్గర ఈ పండుగ జరుగుతుంది. కోరిక తీరినవాళ్ళు రొట్టె తెచ్చి చెరువు నీళ్ళలో నిలబడి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు ఆ రొట్టె పట్టుకుంటారు. పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇంటి రొట్టె, చదువు రొట్టె, ఏది కావాలంటే అది అరిచి మరీ వెతుక్కోవాలి. గూడూరు పిల్ల వాళ్ళమ్మ మమ్మల్ని తీసుకెళ్ళింది. నేను ఉద్యోగం రొట్టె పట్టుకున్నాను. మోకాళ్ళ దాకా తడిసిన డ్రెస్సు, రెండు చేతుల్లో రొట్టె, నోరంతా తెరిచి నవ్వు. ఆ ఫోటో కింద రొట్టెనీ, తడినీ, నన్నూ కలిపి నాలుగు వాక్యాలు రాశాడు, ఆ అకౌంట్ తెరిచినవాడెవడో. అవి ఇక్కడ రాయను. వాటి కింద నా ఫోన్ నంబరు పది అంకెలూ.

కావలి పిల్ల మంచం మీద నుంచి లేచి కూర్చుని, "అన్నీ డిలీట్ చేసెయ్‌మే. నీ అకౌంట్ తీసెయ్, వాట్సాప్ తీసెయ్, రేపు సిమ్ మార్చెయ్" అంది. అన్నకు ఫోన్ చేస్తే, "ముందు అదంతా తీసేసి పడుకో, వాడెవడో నేను చూస్తా" అన్నాడు. మర్నాడు మా హెచ్‌ఓడీ మేడం కూడా అదే మాట అన్నారు, ఇంకొంచెం మంచి తెలుగులో. ఎవర్నీ తప్పు పట్టను. ముల్లు గుచ్చుకుంటే ముందు పీకేస్తాం కదా. నేనూ కాల్ లిస్టు మొత్తం సెలెక్ట్ చేసి, తీసేసే బటన్ మీద వేలు పెట్టి ఉన్నాను.

ఆపింది గూడూరు పిల్ల వాళ్ళక్క. ఆమె ఒక గ్రామ సచివాలయంలో మహిళా పోలీసు. అర్ధరాత్రి పన్నెండున్నరకు ఫోన్ చేస్తే విసుక్కోకుండా ఎత్తింది. "ఒక్కటి కూడా తీసెయ్యొద్దు. తిట్టొద్దు, ఎవరు నువ్వని మెసేజ్ పెట్టొద్దు. రిపోర్ట్ కొట్టడం కూడా అంతా రాసుకున్నాకే. ఈ రాత్రికి నీది గుమాస్తా పని" అంది.

ఆ గుమాస్తా పని ఏమిటంటే, ఉత్త స్క్రీన్‌షాట్ చాలదు, దాన్ని ఎవరైనా తయారు చేయొచ్చంటారు. ప్రొఫైల్ లింకు కాపీ చేసుకోవాలి. ఒక్కో పోస్టు లింకు విడిగా తీసుకోవాలి. యాప్ తెరిచిన దగ్గర్నుంచి ఆ పోస్టు దాకా ఎక్కడా ఆపకుండా స్క్రీన్ రికార్డు చేయాలి. తేదీ, సమయం కనపడాలి. పైన కనిపించే పేరును వాడు గంటకోసారి మార్చుకోవచ్చు గానీ, ప్రతి అకౌంటుకూ లోపల ఒక అంకెల ఐడీ ఉంటుంది, అది మారదు. గూడూరు పిల్ల పాత లాప్‌టాప్‌లో తంటాలు పడి దాన్ని కూడా పట్టుకున్నాం.

ఆర్గానిక్ ల్యాబ్ రఫ్ నోట్సులో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. స్కేలు పెట్టి గళ్ళు గీశాను. వరస నంబరు, సమయం, అకౌంటు పేరు, ఏమన్నారు, లింకు. టైట్రేషన్ రీడింగులు రాసినట్టే. మొత్తం 43 కామెంట్లు. అందులో 19 పేర్లు నాకు తెలిసినవే. మూడు నవ్వు బొమ్మలు పెట్టిన ఒకడు, సోమవారం నా ల్యాబ్ రికార్డు అడిగి తీసుకెళ్ళినవాడు. ఆ రికార్డు ఇంకా వాడి దగ్గరే ఉంది. ఒకమ్మాయి మాత్రం "పాపం ఎవరో, రిపోర్ట్ చేయండి" అని రాసింది. ఆమెను కూడా వరసలోనే ఎక్కించాను, 31వ నంబరు.

నేను మొదలుపెట్టినప్పుడు ఆ అకౌంటుకు 180 మంది ఫాలోవర్లు. పూర్తయ్యేసరికి 214. ఇల్లు అంటుకుంటే బిందె పక్కన పెట్టి సామాన్ల లిస్టు రాస్తున్నట్టు ఉంది. రెండుసార్లు బాత్రూములోకి వెళ్ళి వాంతి చేసుకున్నాను. మూడూ నలభైకి చివరి గడి నింపి, అప్పుడు రిపోర్ట్ కొట్టాను.

పొద్దున ఏడుకల్లా జవాబొచ్చింది, "ఇది మా నియమాలకు విరుద్ధంగా లేదు" అని. హాస్టల్లో ముప్పై మంది చేత రిపోర్ట్ కొట్టించాం. అప్పుడూ అదే జవాబు. గుంపుగా కొడితే పోతుందన్నది మన భ్రమ అని నాకు అర్థమైంది. 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఇలాంటి ప్రతి పెద్ద కంపెనీకీ మన దేశంలో ఫిర్యాదులు చూసే ఒక గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. మన పేరుతో వేరేవాళ్ళు నటించినా, మన ఫోటో మార్ఫింగ్ చేసి పెట్టినా, ఆ మనిషి గానీ, ఆ మనిషి తరఫున ఇంకొకరు గానీ ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తీసే చర్య తీసుకోవాలని అప్పట్లో రూల్ 3(2)(బి)లో ఉండేది. ఆ రూల్ నంబరు వేసి, లింకులు పెట్టి, ఐడీ కార్డు జతచేసి రాశాను. మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళకు అకౌంటు లేదు.

కాలేజీ సంగతి త్వరగా ముగిస్తాను. లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు తీసుకోవడానికి ప్రతి కాలేజీలో అంతర్గత కమిటీ ఉండాలి. యూజీసీ 2015 నిబంధనలు విద్యార్థులకూ వర్తిస్తాయి, మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. మా కాలేజీలోనూ కమిటీ ఉంది, నోటీసు బోర్డు మీద. అందులో ఇద్దరు అప్పటికే రిటైరయ్యారు. దరఖాస్తు ఇచ్చి, కాపీ మీద తేదీతో స్టాంపు కొట్టించుకున్నాను. ఆ స్టాంపు తర్వాత పనికొచ్చింది. కమిటీ పనికొచ్చిందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆదివారం ఊరికి వెళ్ళాను. నాయనకు ఎట్టా చెప్పాలన్నదే పెద్ద టెన్షన్. అమ్మ ద్వారా చెబితే ఏడుపులతో సగం మాటలు పోతాయి. రాత్రి గుంటల దగ్గర కాపలాకు ఆయనతోపాటు వెళ్ళాను. గుంటల్లో నీళ్ళకు గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతుంటే నీళ్ళ చప్పుడుకు గట్టిగా మాట్లాడాలి, ఒకరి ముఖం ఒకరు చూసుకోనక్కర్లేదు. అంతా చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే.

"నువ్వు పెట్టలేదు గదమ్మా?"

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. లేదన్నాను. ఆయన లేచి టార్చి పట్టుకుని గట్టు చుట్టూ ఒక రౌండు వేశాడు. మేత ట్రే పైకి తీసి చూశాడు, మళ్ళీ దించాడు. పావుగంటకు తిరిగొచ్చి, "టేసన్‌కి రేపు ఎన్నింటికి పోదాం?" అన్నాడు.

రేపు పోలేకపోయాం. సోమవారం పొద్దున్నే రెండో అకౌంటు వచ్చింది. ఈసారి నా ముఖం, వేరే ఎవరిదో ఒళ్ళు.

దాన్ని ఆపడానికి స్టాప్‌ఎన్‌సీఐఐ అనే సైటు ఉందని మహిళా పోలీసు అక్కే చెప్పింది. 18 ఏళ్ళు నిండినవాళ్ళకు. మన ఫోటో ఎక్కడికీ పంపనక్కర్లేదు. మన ఫోన్లోనే ఆ బొమ్మ నుంచి ఒక అంకెల వేలిముద్ర తయారవుతుంది, ఆ వేలిముద్ర మాత్రమే కంపెనీలకు వెళుతుంది. అదే బొమ్మ మళ్ళీ ఎవరైనా ఎక్కిస్తే పట్టేసే వీలుంటుంది. విషయమేంటంటే, వేలిముద్ర తీయాలంటే ఆ బొమ్మ ముందు నా ఫోన్లో ఉండాలి. లోకంలో ఎక్కడా ఉండకూడదనుకున్న బొమ్మను నేనే దించుకుని, ఒక ఫోల్డర్లో పెట్టి, దానికి తేదీతో పేరు పెట్టాను.

తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్. మొదట నేను సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను. అది ముఖ్యంగా డబ్బు పోయినవాళ్ళ కోసం, ఇలాంటివి పోర్టల్లో పెట్టమన్నారు. మహిళలు, పిల్లల మీద నేరాల విభాగంలో రెండు దారులుంటాయి. పేరు చెప్పకుండా ఇవ్వొచ్చు, లేదా పేరుతో ఇచ్చి ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు. భయపడి మొదటిది నొక్కాను. దాంట్లో మన ఫిర్యాదు ఏమైందో మనకు తెలిసే దారి లేదు. రెండు రోజులకు తప్పు తెలుసుకుని పేరుతో మళ్ళీ పెట్టాను. ఎక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు ఫోన్‌కు వచ్చింది. నాలుగు రోజులకు స్టేషన్ నుంచి పిలుపు వచ్చింది.

నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. మహిళా హెల్ప్ డెస్క్ దగ్గర ఒక కానిస్టేబుల్, అమ్మ వయసు ఉంటుంది, తెల్ల కాగితాలిచ్చి జరిగింది రాయమంది. రాశాను. చదివి, "అసభ్యంగా రాశారు అంటే ఏం రాశారు? ఉన్నదున్నట్టు రాయి" అంది. నా పక్కన నాయన. పెన్ను కదల్లేదు. ఆమె అది చూసి, "అన్నా, బయట టీ బాగుంటుంది, తాగిరాపో" అని ఆయన్ను పంపేసింది. "రాయి తల్లీ. కాగితం మీద లేకపోతే కోర్టులో వాడు ఆ మాట అననట్టే లెక్క." రాశాను. తెలుగులో ఆ మాటలు నా చేత్తో రాయడం అదే మొదలు.

ఇక్కడొక తమాషా. ఎఫ్‌ఐఆర్ చిత్తు రాస్తున్నాయన మొదట ఐటీ చట్టం 66ఏ సెక్షన్ వేశాడు. సీఐ మేడం చూసి, "దాన్ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది కదయ్యా" అని ఎర్ర పెన్నుతో గీత గీశారు. ఆ రోజు నాకు కాస్త నవ్వొచ్చింది అప్పుడే. చివరికి ఐటీ చట్టం 66సి, 67, భారతీయ న్యాయ సంహిత 78, 79 పడ్డాయి. 66సి అంటే వేరేవాళ్ళ గుర్తింపు దొంగిలించి వాడుకోవడం, 67 అంటే అసభ్యమైనవి ఆన్‌లైన్‌లో పెట్టడం, 78 అంటే వెంటపడి వేధించడం, 79 అంటే స్త్రీ గౌరవాన్ని అవమానించడం. ఐటీ చట్టం కేసును ఇన్‌స్పెక్టర్, ఆపై స్థాయి వాళ్ళే దర్యాప్తు చేయాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ మనకు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. నా గళ్ళ నోట్సు జిరాక్సు కూడా జతచేశారు. సీఐ మేడం అది తిరగేస్తూ, "కెమిస్ట్రీనా?" అని అడిగారు.

తర్వాత రెండు నెలలు ఏమీ జరగలేదు. అంటే నాకు కనపడేలా ఏమీ జరగలేదు. పోలీసులు కంపెనీకి నోటీసు పంపాలి, వాళ్ళు ఐపీ అడ్రసులు, అకౌంటు తెరిచిన నంబరు ఇవ్వాలి, అక్కడి నుంచి టెలికాం కంపెనీని అడగాలి. నేను మాత్రం రోజూ క్లాసుకు వెళ్ళి ఆ 19 మంది మధ్య కూర్చోవాలి. ఎవరు నవ్వినా నన్ను చూసే అనిపించేది. మూడు నవ్వు బొమ్మలవాడు నా రికార్డు తిరిగిచ్చి, "థ్యాంక్స్" అన్నాడు, ఏమీ ఎరగనట్టు. ఒక రాత్రి ఊపిరాడనట్టు అనిపించి మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేశాను. ఒకామె తెలుగులోనే నలభై నిమిషాలు మాట్లాడింది. ఏం చెప్పిందో పెద్దగా గుర్తులేదు, "అన్నం తిన్నావా?" అని రెండుసార్లు అడగడం గుర్తుంది.

ఆ రెండు నెలల్లో నేను ఇంకో లెక్క కూడా వేశాను. ఆ రొట్టె ఫోటో నేను ఎక్కడా పోస్టు చేయలేదు. వాట్సాప్ స్టేటస్‌లో ఒక్కరోజు పెట్టాను, అదీ కొందరికే కనిపించేలా. లెక్కపెడితే 38 మంది. వాళ్ళలో చిన్నాన్న, అత్త, అన్న, స్కూలు టీచరమ్మ. నోట్సులో 38 పేర్లు రాసుకుని ఒక్కొక్కరినీ కొట్టేస్తూ వచ్చాను. గదిలోవాళ్ళ పేర్లు అన్నిటికంటే ముందు కొట్టేశాను.

నవంబరులో స్టేషన్‌కు పిలిచారు. అకౌంటు తెరిచినవాడు మా క్లాసువాడే. వాళ్ళ అవ్వ పేరుమీదున్న సిమ్ము. కారణం అడిగితే, ప్రాజెక్టు గ్రూపులో వాడి పేరు తీసేయమని నేను సార్‌కి చెప్పానట. చెప్పాను, నిజమే. మూడు వారాలు ల్యాబ్‌కి రాలేదు కాబట్టి చెప్పాను. ఇంత చేసింది దానికేనా అని నేను చాలా రోజులు ఇంకేదైనా పెద్ద కారణం వెతికాను. దొరకలేదు.

ఫోటో ఎవరిచ్చారంటే, కావలి పిల్ల. "ఊరికే అడిగాడు, ఇచ్చా. ఇట్టా చేస్తాడని నాకేం తెలుసు" అని ఏడ్చింది. ఆ రాత్రి అందరికంటే ముందు డిలీట్ చేయమన్నది తనే. భయపడి అందా, నా మంచికే అందా, నాకు తెలియదు. అన్నా, మేడం అన్న మాటే తనూ అంది. ఇప్పుడు తను కేసులో సాక్షి. గది మారిపోయింది. మెస్సులో ఎదురైతే సాంబారు గరిటె నా వైపు జరుపుతుంది, మాట్లాడదు.

వాణ్ణి అరెస్టు చేయలేదు. వేసిన సెక్షన్లు మూడేళ్ళ దాకా శిక్షవి, బెయిలు దొరికేవి. నోటీసిచ్చి పంపించారు. నాయనకు ఇది అసలు మింగుడుపడలేదు. సంక్రాంతి ముందు వాళ్ళమ్మ, మేనమామ, ఇద్దరు పెద్దమనుషులు మా ఊరికి వచ్చారు. కారు గుంటల గట్టు మీదే ఆపారు. "పిల్లోడి బతుకు పోద్దన్నా, మీకూ ఆడపిల్ల, రేపు పెళ్లి కావాల" అన్నాడు మేనమామ. వాళ్ళమ్మ నాయన కాళ్ళు పట్టుకోబోయింది. నాయన వెనక్కి జరిగి మేత బస్తా మీద కూర్చుండిపోయాడు. ఆయన మెత్తబడుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. ఆ ఏడాది రొయ్యల కౌంట్, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క, సరిగా రాలేదు, వాళ్ళు డబ్బు మాట కూడా ఎత్తారు.

మా లాయరు చెప్పిన సంగతి నాకు అప్పుడు అక్కరకొచ్చింది. ఐటీ చట్టంలో కొన్ని నేరాలకు రాజీ ఉంది, 77ఏ కింద. కానీ బాధితులు స్త్రీ అయినా, 18 ఏళ్ళలోపు పిల్లలయినా కోర్టు ఆ రాజీ ఒప్పుకోకూడదని అదే సెక్షన్‌లో ఉంది. హైకోర్టుకు వెళ్ళి కొట్టేయించుకోవడం వేరే సంగతి. ఆ సంగతి నేను చెప్పలేదు. "మా చేతుల్లో లేదు పెద్దమ్మా" అని మాత్రం అన్నాను. ఆమె ముఖం చూసి జాలేసింది. ఆమె కొడుకు మీద మాత్రం లేదు.

2025 మార్చిలో ఛార్జిషీటు వేశారు. అంతకుముందే నా ఫోన్ మూడు వారాలు పోలీసుల దగ్గర ఉంది. అన్న పాత ఫోన్‌తో గడిపాను. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. ఫోన్ నాదే, రికార్డింగులు నేనే తీశాను, మార్చలేదు అని మొదటి భాగంలో నేను సంతకం పెట్టాను. రెండో భాగంలో నిపుణుడు పెడతాడు. ప్రతి ఫైలు ఎదురుగా దాని హాష్ విలువ, అంటే ఆ ఫైలు వేలిముద్ర, పొడుగాటి అంకెలూ అక్షరాలూ. ఆ రాత్రి ఒక్క ఫైలు తీసేసి ఉన్నా ఆ పట్టికలో ఒక వరస ఖాళీగా ఉండేది.

జూలైలో మళ్ళీ రొట్టెల పండుగ వచ్చింది. గూడూరు పిల్ల రమ్మంది. వద్దనుకున్నాను, చివరికి వెళ్ళాను. కోరిక తీరినవాళ్ళు రొట్టె తిరిగి ఇవ్వాలి కదా, నాకు ఉద్యోగం రాలేదు, ఇవ్వడానికేమీ లేదు. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, "కేసు రొట్టె ఏమన్నా ఉంటుందామే?" అని దాని చెవిలో అడిగాను. వెనక నుంచి ఎవరో ఒకామె, కొంగు నెత్తిన వేసుకున్న ముసలామె, భుజం తట్టింది.

"ఉంటే నాక్కూడా చెప్పు తల్లీ. మాది పొలం కేసు, పదకొండేళ్ళు."